పొలం కాచే ముంగిస

గుంటూరు, ప్రకాశం మైదానాల్లోని నల్లరేగడి నేలల్లో పత్తి, మిరప చేల గట్ల వెంట నడిచేవారికి ముంగిస సుపరిచితమైన ప్రాణి. సంస్కృతంలో దీనిని నకులమంటారు. హిమాలయాల్లో కనిపించే వీజిల్ వలె ఇదీ చిన్న మాంసాహార క్షీరదమే. అయితే రెండింటి కుటుంబాలు వేరు.

సన్నని పొడవైన దేహం, పొట్టి కాళ్లు, ఇంచుమించు దేహమంత తోక, నెరసిన బూడిదవన్నె వెంట్రుకలు దీని లక్షణాలు. బరువు సాధారణంగా రెండు కిలోలకు మించదు. పగటివేళ సంచరిస్తూ ఎలుకలను, పాములను, తేళ్లను, పక్షిగుడ్లను తింటుంది. అప్పుడప్పుడు కోడిపిల్లలనూ ఎత్తుకుపోతుంది.

పాముతో పోరులో దీనికి తోడ్పడేది చురుకుదనం. నాగుపాము విషంలోని నాడీవిషం దీని కండరాల గ్రాహకాలకు సులభంగా అంటుకోదు. అందువల్ల కొంత విషాన్ని తట్టుకొంటుంది, పూర్తిగా కాదు. మూలిక నమిలి విరుగుడు చేసుకొంటుందన్నది జనశ్రుతి మాత్రమే.

పంచతంత్రంలో ఒక ముంగిస పసిబిడ్డను పామునుండి కాపాడుతుంది. దాని మూతికంటిన నెత్తురు చూసి, బిడ్డనే చంపిందని భ్రమించి తల్లి దానిని చంపుతుంది. నిజం తెలిశాక మిగిలింది పశ్చాత్తాపమే.

ఆ అన్యాయం నేటికీ తీరలేదు. కుంచెల తయారీకి కావలసిన వెంట్రుకల కోసం ముంగిసలను వధిస్తున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది నేరం. చేలో ఎలుకలను వేటాడే ముంగిస రైతుకు కూలి అడగని కాపరి. కోడిపిల్ల పోయిందని కర్ర ఎత్తేముందు ఆ పాత కథను ఒక్కసారి తలచుకోవాలి.

కఠిన పదాలు
జనశ్రుతి : లోకంలో వినవచ్చే మాట
వధించు : చంపు

ప్రశ్నలు
1. ముంగిస పాము విషాన్ని ఎట్లా తట్టుకొంటుంది?
2. పంచతంత్ర కథకూ, నేటి ముంగిసల వేటకూ గల పోలికను వివరించండి.