స్విచ్చులన్నీ ఆపినా పడే చార్జీ

బ్రిటన్‌లో ఉద్యోగంలో చేరి, ఇల్లు అద్దెకు తీసుకున్న మనవాళ్లను మొదటి కరెంటు బిల్లే కంగారు పెడుతుంది. ‘పొద్దున పోతే రాత్రికి వస్తాం, ఇంతెలా వచ్చింది?’ అంటారు. బిల్లులో ‘స్టాండింగ్ చార్జ్’ అన్న వరుస చూడండి. మీరు ఎంత వాడారన్నదానితో దానికి పనిలేదు, రోజుకింత అని పడుతూనే ఉంటుంది.

2024 అక్టోబర్–డిసెంబర్‌లో నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ ఈ చార్జీకి పెట్టిన పరిమితి సగటున కరెంటుకు రోజుకు 60.99 పెన్స్, గ్యాస్‌కు 31.66 పెన్స్. రెండూ కలిపి నెలకు దాదాపు 28 పౌండ్లు. సంక్రాంతికి ఊరొచ్చి నెల్లాళ్లు తాళం వేసినా అది కట్టాల్సిందే. వైర్లు, పైపులు, మీటర్ల ఖర్చుతోపాటు 2021లో మూతపడ్డ సరఫరా కంపెనీల భారాన్నీ ఇందులోనే వేశారు. మన దగ్గర ఫిక్స్‌డ్ చార్జీ ఇంటి లోడును బట్టి, కిలోవాట్‌కు ఇంత అని ఉంటుంది. అక్కడ ఒకే ప్రాంతంలో, ఒకే టారిఫ్‌లో ఉంటే స్టూడియో ఫ్లాట్‌కూ అయిదు బెడ్‌రూముల ఇంటికీ ఒకటే. ఒంటరిగా ఉండే ఉద్యోగికి ఇది అన్యాయమే.

అలాగని ‘స్టాండింగ్ చార్జ్ లేదు’ అన్న టారిఫ్ కనబడగానే మారిపోకండి. అందులో యూనిట్ రేటు ఎక్కువుంటుంది. 8 పెన్స్ ఎక్కువనుకుందాం. రోజుకు 60.99 పెన్స్ అంటే ఏడాదికి సుమారు 223 పౌండ్లు. దాన్ని 8 పెన్స్‌తో భాగిస్తే దాదాపు 2,780 యూనిట్లు. ఏడాదికి 1,800 యూనిట్లు కాల్చేవారికి ఆ టారిఫ్ లాభం, 3,500 కాల్చేవారికి నష్టం. పరిమితి మూడు నెలలకోసారి మారుతుంది, ప్రాంతాన్ని బట్టీ మారుతుంది కాబట్టి మీ బిల్లులోని అంకెలతోనే లెక్క వేసుకోండి.

ముందే డబ్బు వేసి వాడుకునే ప్రీపేమెంట్ మీటరున్నవాళ్లు మరీ జాగ్రత్త. వేసవంతా గ్యాస్ ముట్టకపోయినా చార్జీ బాకీగా పేరుకుంటుంది. అక్టోబర్ చలికి 20 పౌండ్లు వేస్తే, హీటర్ వెలిగేలోపే పాత బాకీ కింద కొంత పోతుంది. వేసవిలోనూ అప్పుడప్పుడు కాస్త వేస్తూ ఉండండి.

ఇంట్లో చేరిన రోజే మీటర్ రీడింగ్ ఫొటో తీసి కంపెనీకి పంపండి. ఓనరే కరెంటు డబ్బు విడిగా వసూలు చేస్తుంటే అసలు బిల్లు చూపించమనండి. తాను కంపెనీకి కట్టే యూనిట్ రేటు, స్టాండింగ్ చార్జ్‌లో మీ వాటా, అంతకు మించి తీసుకునే హక్కు ఆయనకు లేదు.