కుంటలో గాలము వేయు రైతులకు – ముల్లు, దారము, ఎరల ఎన్నిక

మెహిదీపట్నము నుండి ఆరాంఘర్ వచ్చు పైవంతెన మీద ప్రయాణించినవారు రాజేంద్రనగర్ వద్ద చేప ఆకారములో కట్టిన పెద్ద భవనమును చూచియేయుందురు. అది 2006లో ఏర్పడిన జాతీయ మత్స్యాభివృద్ధి మండలి కార్యాలయము. ఆ భవనపు చేప ఎంత పెద్దదైనను, మీ కుంటలోని చేప నోరు చిన్నదే. గాలము కొనువారు దుకాణములో నిలబడినప్పుడు మరచిపోవునది ఈ సంగతినే.

పంటకుంటలో చేపలు పెంచు రైతు ఇంటి కూరకు రెండు చేపలు కావలసి వల లాగినచో కుంట యంతయు కలతపడును. అడుగు బురద లేచును, పిల్లచేపలు వలలో నలుగును. గాలముతో ఆ బాధ లేదు. పైగా పడిన చేపను తూచి చూచుకొన్నచో మేత సరిపోవుచున్నదో లేదో కొంతవరకు తెలియును. అయితే గాలము తగినది కానియెడల దినమంతయు కూర్చున్నను ఎర పోవును గాని చేప రాదు.

ఈ మధ్య నగరపు దుకాణములలో చక్రము బిగించిన పొడవాటి కర్రలు విరివిగా అమ్ముచున్నారు. వానిలో పన్నెండు, పదమూడు అడుగుల మోటు కర్రలు సముద్రపు ఒడ్డున వాడుటకు చేసినవి. సూర్యలంక వంటి తీరమున నిలబడి గాలము విసరువాడు అలలను దాటించి ఎరను వేయవలెను. వేసిన ఎర అలకు కొట్టుకొనిపోకుండ నూరు గ్రాముల సీసపు గుండైనను కట్టవలెను. అక్కడ ఎర కూడ రొయ్య, చేపముక్క వంటి గట్టిదే కావలెను. మన కుంటలో అల లేదు. అంత బరువు వేసినచో చప్పుడుకు చేపలు బెదరి పోవును, చేప ముట్టినది చేతికి తెలియనే తెలియదు. మనకు ఎనిమిది, పది అడుగుల వెదురు కర్ర చాలును. మొదలు గట్టిగా ఉండి కొన మాత్రము వంగునది ఎన్నుకొనుడు. చేప గుంజినప్పుడు ఆ వంపే దారము తెగకుండ కాచును.

ముల్లు కొనునప్పుడు అంకెలు చూచి పొరపడరాదు. 12 అంకె ముల్లు కంటె 6 అంకె ముల్లు పెద్దది; అంకె తగ్గినకొలది ముల్లు పెరుగును. అయితే 1 దాటిన పిమ్మట 1/0, 2/0 అని వ్రాసినవి వచ్చును. వీనిలో మొదటి అంకె పెరిగినకొలది ముల్లు పెద్దదగును. పరిగెలకు, జిలేబి చేపలకు 10 లేక 12 చాలును. కిలో లోపు రవ్వ, మృగాల చేపలకు 8 గాని 6 గాని, రెండు మూడు కిలోల బొచ్చెకు 4 సరిపోవును. కొర్రమీనుకు మాత్రమే 1/0, 2/0 వాడవలెను. ముల్లు కొనను బొటనవ్రేలి గోరుపై మెల్లగా ఆనించి చూడుడు. జారినచో మొద్దువారినదన్నమాట, ఆకురాయితో సాన పట్టుడు.

దారము నైలానుది, ఒంటిపోగుది మంచిది. దీనినే కొందరు తంగూసు అందురు. చిన్న చేపలకు 0.20, మిగిలినవానికి 0.30 మిల్లీమీటర్ల మందము చాలును. నాచు, తామర తీగల నడుమ కొర్రమీనును పట్టదలచినవారు 0.40కి తక్కువ వాడరాదు. ముడి బిగించుటకు ముందు దానిని తడుపుడు. పొడిగా బిగించినచో ఒరపిడి వేడికి నైలాను బలహీనపడి సరిగా ముడి దగ్గరనే తెగును. ఎండలో వ్రేలాడిన పాత దారమును నమ్మరాదు.

బెండు కొననక్కరలేదు. ఎండిన జొన్నదంటు లోపలి బెండు ముక్క తేలికగా తేలును. బెండు కొన మాత్రమే నీటిపై కనబడునంత సీసము కట్టవలెను. అంతకంటె తక్కువ కట్టినను, ఎక్కువ కట్టినను చేప ముట్టిన జాడ సరిగా తెలియదు.

ఎరను ఏ లోతున వ్రేలాడదీయవలెనో చేప నోటిని చూచినచో తెలియును. బొచ్చె క్రింది పెదవి ముందుకు పొడుచుకొని నోరు పైకి తిరిగియుండును. అది పైనీటి మేతగాడు. రవ్వ నడిమి నీటిలో తిరుగును. మృగాల, బంగారు తీగ అడుగు బురదను వెదకును. మూడింటికి ఒకే పిండి వాడవచ్చును గాని ఒకే లోతున వేయరాదు. చేపలు లేవని గట్టు మార్చువారు ముందు బెండును జానెడు జరిపి చూచుట మంచిది.

పిండి ఎర ఇట్లు చేయుడు. రెండు పాళ్ళు గోధుమపిండి, ఒక పాలు వేయించిన తవుడు, ఒక పాలు మెత్తగా దంచిన పల్లిచెక్క, కొంచెము బెల్లము కలిపి, వేడినీటితో చపాతి పిండికంటె కొంచెము గట్టిగా పిసుకవలెను. ముల్లుపై నిలువకున్నచో చిటికెడు దూదిని పోగులుగా విడదీసి కలుపుడు. గోలీ అంత ఉండను చెంబులోని నీటిలో వేసి చూడుడు. వేసిన వెంటనే విడిపోయినచో పిండి పలుచన. పది నిమిషములైనను రాయివలె ఉన్నచో మరీ గట్టి. అయిదారు నిమిషములకు అంచులు మెల్లగా కరగుచుండవలెను. ఆ కరగుటలో పుట్టు వాసనయే చేపను పిలుచును. అంగడిలో అమ్ము సువాసన ద్రవ్యములు లేకున్నను పని జరుగును. మేతకు అలవాటుపడిన కుంటచేపకు రోజూ వేయు మేత వాసనకు మించినది లేదు. ఉండ ముల్లును కప్పవలెను గాని కొన లోతుగా పూడిపోరాదు.

పేడదిబ్బ పక్కన తడినేలలో దొరకు ఎర్రలు దాదాపు అన్ని చేపలకు పనికివచ్చును. అడుగున వేసిన ఎర్రకు జెల్లయు పడవచ్చును. దాని రొమ్ము రెక్కలకు, వీపు రెక్కకు ఉన్న ముండ్లు గుచ్చుకొన్నచో మిక్కిలి నొప్పి; తడిగుడ్డతో పట్టి ముల్లు తీయుడు.

ఇక కొర్రమీను. ఇది 2016 నుండి తెలంగాణ రాష్ట్ర చేప. వేటాడి తిను జాతి గనుక పిండిని లెక్కచేయదు; చిన్న చేపనో రొయ్యనో గుచ్చి నాచు అంచున కదలించుచుండవలెను. కప్పను గుచ్చు అలవాటు మన పల్లెలలో గలదు. దానిని మానవలెను. కప్ప పొలములో పురుగులను తిని రైతుకు మేలు చేయునది. పెద్ద గోదురు కప్పకు వన్యప్రాణి చట్టపు రక్షణ కూడ గలదు. రబ్బరు కప్పలు దొరకుచున్నవి, కొర్రమీను వానిని కూడ పట్టును.

తొలకరి మొదలు వానకాలమంతయు మరొక జాగ్రత్త కావలెను. నీటిపై ఎర్రని చిన్నపిల్లలు గుంపుగా కదలుచు గాలికి పైకి వచ్చుచుండును. అవి కొర్రమీను పిల్లలు. వాని అడుగున పెద్ద చేప కాపలా ఉండును. గుంపు మధ్య ఏది పడినను దానిని తరుముటకే నోరు తెరచును గనుక ఆ సమయమున దానిని పట్టుట బహు సులభము. అది నేర్పు కాదు. పెద్దది పోయిన గంటలోనే పరిగెలు, జెల్లలు, గురకలు పిల్లలను తినివేయును. ఒక కూరకు ఒక కాన్పంతయు పోయినట్లే. ఎర్రని గుంపు కనబడినచోట గాలము వేయకుడు, ఇరుగుపొరుగు పిల్లలకును చెప్పుడు.

మీ సొంత కుంటలో మీ ఇష్టము. ఊరి చెరువులోని చేపలు సాధారణముగ మత్స్య సహకార సంఘమువారు వదలి పెంచినవి. వారి అనుమతి లేనిదే గాలము వేయరాదు. 1927లో పూర్తియైన హిమాయత్ సాగర్ త్రాగునీటి జలాశయము గనుక అక్కడి నిబంధనలు తెలిసికొని మరీ వెళ్ళుడు. 21 కమానుల కట్టగల మీర్ ఆలం చెరువులోను, నగరపు మురుగు చేరు ఇతర చెరువులలోను పట్టిన చేపను ఇంటికి తేకుండుట మేలు. ఉడికించినంత మాత్రాన మురుగులోని విషలోహములు పోవు.

గట్టు మీదుగా కరెంటు తీగలు పోవుచోట గాలము ఎత్తరాదు. దుకాణములలో దొరకు కార్బను కర్ర విద్యుత్తును బాగుగా ప్రసరింపజేయును. తీగకు తాకనవసరము లేదు, మిక్కిలి దగ్గరకు పోయినను ప్రాణాపాయమే. తడిసిన వెదురు కూడ నమ్మదగినది కాదు. తెగిన దారమును, విరిగిన ముల్లును గడ్డిలో పారవేయకుడు. మేతకు వచ్చిన బర్రె గడ్డితోపాటు మింగును, దారము కొంగల కాళ్ళకు చుట్టుకొనును. మూతగల చిన్న డబ్బా ఒకటి ఎర సంచిలోనే ఉంచుకొని వానిని అందులో వేసి ఇంటికి తెచ్చుకొనుడు.