గాలిలో నిలుచు బొంగరము

విశాఖపట్టణమున సముద్రతీరమందు పెరుగు బాలురకు హెలికాప్టరు క్రొత్తవస్తువు కాదు. నగరమునకు పడమటివైపున, కొండల నడుమ నున్న నౌకాదళ విమానస్థావరమునకు ‘ఐ.ఎన్‌.ఎస్‌. డేగ’ యని పేరు. 1991వ సంవత్సరమున ఆరంభింపబడిన యా స్థావరమునకు మన తెలుగుమాటయే పేరుగా నమరుట ముచ్చటగొలుపు విషయము. అచ్చటినుండి లేచిన హెలికాప్టర్లు నగరమును దాటి సముద్రముపైకి పోవుచుండగా వీధులలోని పిల్లలు ఆట మాని తలలెత్తి చూతురు. 2007లో ‘జలాశ్వ’ యను నౌకతోపాటు మన దేశమునకు వచ్చిన యు.హెచ్‌-3హెచ్‌ హెలికాప్టర్లు ఈ స్థావరమున పనిచేసి 2024 జూన్‌ నెలలో విశ్రాంతి గైకొనినవి. సముద్రమున చిక్కుకొనినవారిని వెదకి రక్షించుట వాని పనులలో నొకటి.

అట్టి యంత్రములను నిత్యము చూచు బాలునికి, అరచేతియంతటి హెలికాప్టరు నొకదానిని తానును నడుపవలెనను కోరిక పుట్టుట సహజము. ఆటవస్తువుల యంగడిలో అది దొరకును. పెట్టె విప్పి, మీట త్రోయగనే అది సివాలున లేచి, గోడకు కొట్టుకొని, రెక్క విరిగి క్రిందపడును. యంత్రము మంచిది కాదని బాలుడు దానిని మూలకు నెట్టును. కాని హెలికాప్టరునకు కొన్ని వింత స్వభావములు కలవు. వానిని తెలిసికొనిన పిమ్మట అదే బొమ్మ అదే గదిలో చెప్పినట్లు వినును.

చేపలరేవున తెప్పపై నిలిచి గడతో గట్టును త్రోసినచో, గట్టు కదలదు. తెప్ప వెనుకకు పోవును. హెలికాప్టరునందును ఇట్టిదే జరుగును. మోటారు పైనున్న రెక్కలను ఒక దిక్కునకు త్రిప్పుచుండగా, దాని మేను ఎదురుదిక్కునకు తిరుగజూచును. దీనిని ఆపుటకే తోకచివర చిన్నపంకా యుండును. అమెరికాలో ఈగర్‌ సికోర్‌స్కీ 1939లో ఎగురవేసిన వి.ఎస్‌-300 అను యంత్రము ఈ పద్ధతికి బాట వేసినది. ఆయన 1909లోనే స్వదేశమున ప్రయత్నించి విఫలుడై, ముప్పది యేండ్లు ఆగవలసివచ్చెను. తీరా ఎగిరిన పిదపగూడ ఆ యంత్రము వెనుకకును ప్రక్కలకును చక్కగా పోయెడిది గాని, మొదట కొంతకాలము ముందుకు సరిగా పోనొల్లకుండెను! విశాఖలో పనిచేసిన యు.హెచ్‌-3హెచ్‌ హెలికాప్టర్లు ఆయన స్థాపించిన సంస్థ నిర్మించినవే. బొమ్మతో తికమకపడు బాలుడు ఈ కథను తలచి కొంత ఊరట చెందవచ్చును.

తోకపంకా ఒక చిక్కును తీర్చి మరియొక చిక్కును తెచ్చును. నమూనా హెలికాప్టర్లలో పెక్కింటి రెక్కలు, పైనుండి చూచినప్పుడు, గడియారపు ముల్లువలె తిరుగును. వీనియందు తోకపంకా తోకను ఎడమకు త్రోయును. ఆ త్రోపు తోకతో ఆగదు. హెలికాప్టరు నంతటిని మెల్లగా ఎడమవైపునకు జరుపును. దానికి విరుగుడుగా రెక్కలచక్రము ఇంచుక కుడికి వ్రాలవలయును. కావున నిలుకడగా నున్న నమూనా కుడిప్రక్కకు కొంచెము ఒరిగి కన్పట్టుట లోపము కాదు. పెద్దవానియందును ఇంతే. మన నౌకాదళపు చేతక్‌ హెలికాప్టరు ఫ్రెంచివారి నమూనా గనుక దాని రెక్కలు గడియారపు ముల్లువలె తిరుగును, యు.హెచ్‌-3హెచ్‌ రెక్కలు అందుకు ఎదురుగా తిరుగును. ఆ భేదమువలననే వాని ఒరుగుడునందును భేదము.

తిరుగుచున్న బొంగరమును వ్రేలితో ముందుకు నెట్టినచో, అది ముందుకు పడక ప్రక్కకు వ్రాలును. రెక్కలచక్రమునకును ఈ గుణము కలదు. ఒకచోట నిచ్చిన త్రోపు పాదుచుట్టు తిరిగిన తరువాత, అనగా తొంబది డిగ్రీల దూరమున, ఫలించును. నిర్మాతలు ఈ లెక్క చూచియే రెక్కలకు కడ్డీలను అమర్చుదురు. రెక్కలు విరిగినప్పుడు ఆ కడ్డీలను విప్పి తోచినట్లు మరల బిగించు పిల్లలు తరువాత యంత్రము ముందుకు పొమ్మన్న ప్రక్కకు పోవుచున్నదని వాపోవుదురు.

చిన్న హెలికాప్టర్లలో మూడు తెగలు ముఖ్యమైనవి. ఒకే యిరుసుపై రెండు జతల రెక్కలు ఎదురెదురుగా తిరుగునది మొదటిది. దీనికి మేనిని ఆపుటకు తోకపంకా అక్కరలేదు. నౌకాదళమునందలి కమోవ్‌ హెలికాప్టర్లును ఈ తెగకు చెందినవే. నేర్చుకొనువారికి ఇది ఎంతయు సాధువు. కాని గాలికి ఓర్వలేదు. రెండవ తెగలో ఒక జత రెక్కలు, స్థిరమైన వాలు. మోటారు వేగమును పెంచిన పైకి లేచును, తగ్గించిన దిగును. మూడవదానియందు రెక్కల వేగము ఇంచుమించు మారదు, వాని వాలే మారుచుండును. ఇది క్షణములో ఆజ్ఞకు లోబడును, క్షణములో ఆపద తెచ్చును. జర్మనీ దేశీయుడగు డీటర్‌ ష్లూటర్‌ 1970 ప్రాంతమున రేడియోతో నడుచు నమూనా హెలికాప్టరును నమ్మదగినదిగా ఎగురవేసి చూపు వరకు, ఇట్టిది సాధ్యముకాదనియే పలువురు తలచిరి.

ఇక చేతిలోని పేటిక, అనగా ట్రాన్స్‌మిటరు, సంగతి. దానికి రెండు పుల్లలుండును. మన దేశమున అమ్ముడగు వానిలో సాధారణముగా ఎడమపుల్ల ఎత్తును, తోక త్రిప్పుటను చూచును. కుడిపుల్ల ముందువెనుకలను, ప్రక్కలను చూచును. దీనికి రెండవ పద్ధతి యని పేరు. జపానుదేశమున పలువురు వాడు మొదటి పద్ధతిలో ఎత్తు కుడిచేతిలో నుండును. ఒకదానికి అలవడిన చేయి రెండవదానితో చాలనాళ్లు పొరబడును గనుక, మొదట కొన్నదానినే విడువక సాధన చేయుట మేలు.

పూర్వము ఒకే తరంగసంఖ్యగల రెండు పేటికలు ఒకే మైదానమున వెలిగినచో రెండు విమానములును కూలెడివి. అందుచే మైదానమునకు పోయినవారు ముందుగా ‘ఏ తరంగము?’ అని కేకవేసి అడిగెడివారు. ఇప్పటి 2.4 గిగాహెర్ట్‌జ్‌ పేటికలు తమ యంత్రముతో ఒక రహస్యసంఖ్యను పంచుకొని జతపడును. అందుచే ఆ బాధ చాలవరకు తగ్గినది.

జతపడిన వెంటనే యంత్రమును సమతలమున కదలకుండ ఉంచవలయును. లోపలి గైరో తన ‘నిశ్చలత’ యనగా నేమో ఆ కొన్ని క్షణములలోనే నేర్చుకొనును. చేతబట్టుకొని ఊపుచు వెలిగించినచో, ఊగుటయే నిశ్చలత యని అది నేర్చును. తరువాత ఎంత సరిదిద్దినను తోక తిరుగుచునేయుండును. క్రొత్తవారి ఫిర్యాదులలో సగము ఇచ్చటనే పుట్టుచున్నవన్న అతిశయోక్తి కాదు.

పుల్లల ప్రక్కనున్న చిన్నమీటలను ట్రిమ్ములందురు. పుల్ల వదలినను యంత్రము ఎడమకు జారుచున్నచో కుడివైపు ట్రిమ్మును ఒక్కొక్క చప్పుడు చొప్పున నొక్కవలయును. అయితే దీనిని నేలకు ఆనియున్నట్లు ఎగురుచుండగా చేయరాదు. రెక్కలు త్రోసిన గాలి నేలను తాకి క్రింద మెత్తవలె నిలుచును. యంత్రము ఆ మెత్తపై నుండి నలుదిక్కులకు జారుచుండును. రెక్కల అడ్డుకొలతకు మించిన ఎత్తునకు తీసికొనిపోయి, గాలి కదలని గదిలో, అప్పుడు దిద్దవలయును. గాలిలో దిద్దిన ట్రిమ్ము ఆనాటి గాలికే చెల్లును.

మరి రెండు అమరికలు చేతి తొందరను అణచును. పుల్ల పూర్తిగా త్రోసినను యంత్రము నూటికి అరువది పాళ్లే కదలునట్లు చేయుట ఒకటి. నడుమ మెత్తగాను చివర చురుకుగాను కదలునట్లు చేయుట రెండవది. దీనిని ఎక్స్‌పో యందురు. నూటికి ఇరువదియైదు పాళ్లు తగినంత. కాని ఒక కంపెనీవారు మెత్తదనమునకు ధనచిహ్నము నుంచగా మరియొకరు ఋణచిహ్నము నుంచుదురు. పుస్తకము చదువక అంకె వేసినవాడు మెత్తదనము కోరి చురుకుదనము పొందును! మోటారును వెంటనే ఆపు మీట యున్నచో దానిని కన్నులు మూసికొనియు తాకగలుగునట్లు అభ్యసింపవలయును.

నడుపుట అరచేతిపై కర్ర నిలువబెట్టుట వంటిది. కర్ర పడబోవునని తెలిసిన తరువాత చేయి కదల్చిన ఆలస్యమగును. పుల్లను కొంచెము త్రోసి, వెంటనే వెనుకకు తెచ్చి, ఫలమును చూడవలయును. యంత్రపు తోక తనవైపున నుండగా కొన్నిదినములు సాధన చేసిన పిదపనే ముక్కును తనవైపు త్రిప్పవలెను. అప్పుడు దాని కుడి మన ఎడమ యగును. ఎడమకు పోవుచున్నదని కుడికి త్రోసినచో ఇంకను ఎడమకే పరుగెత్తును. ఇచ్చట తెలివికంటె అలవాటే పనిచేయును.

విశాఖలో పగటివేళ సముద్రమునుండి నేలకు గాలి వీచును. తెల్లవారుజామున ఇంచుమించు నిశ్చలముగా నుండును. కొండ అడుగున గాలి సుడులు తిరుగును. ఇసుకతిన్నెలు విశాలముగా నున్నవని అచ్చట ఎగురవేయ నాశపడుదురు గాని, ఈ తీరపు నల్లయిసుకలో ఇనుము కలిసిన ఖనిజపురేణువులు మెండు. అవి మోటారులోని అయస్కాంతములకు అంటుకొని దానిని అరుగదీయును. ఉప్పుగాలి మరలను తుప్పుపట్టించును. పాఠశాల సభాశాల వంటి గదియే చిన్నయంత్రమునకు తగిన ఆకాశము.

ఆరుబయలునకు మరియొక అడ్డంకి కలదు. అది అన్నిటికంటె పెద్దది. దూరమునుండి నడుపు యంత్రములను గూర్చి భారతప్రభుత్వము 2021 ఆగస్టులో నిబంధనలను ప్రకటించెను. ఆకాశమును ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలములుగా పంచి పటమున చూపిరి. ఎరుపు మండలమున అనుమతి లేక ఎగురవేయరాదు. నౌకాదళ స్థావరములు, విమానాశ్రయము, ఓడరేవు ఒకేచోట నున్న నగరమున ఈ పటమును చూడక బయట ఎగురవేయువాడు తనకు మాత్రమే గాక పరులకును ముప్పు తెచ్చును. 2017 సెప్టెంబరున న్యూయార్కు నగరము చెంత ఒక చిన్న డ్రోను సైనిక హెలికాప్టరును ఢీకొని, దాని రెక్కను సొట్టపరచెను. పైలట్లు క్షేమముగా దిగిరి. ఆ డ్రోనును నడిపినవాడు అది తన కంటికి కానరానంత దూరమునకు పంపియుండెను. విచారణాధికారులు వచ్చి చెప్పువరకు ఢీకొనిన సంగతియే అతడెరుగడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుపాను విశాఖను తాకి, విమానాశ్రయపు కప్పును సైతము చీల్చివేసిన పిదప, నౌకాదళపు హెలికాప్టర్లు సహాయకార్యములకై లేచినవి. అట్టి దినమున వాని దారిలో ఒక ఆటబొమ్మ యుండుట ఎట్టిదో ఊహింపవచ్చును.

పెద్ద నమూనాల రెక్కలు కత్తులవంటివి. 2013లో న్యూయార్కునందే, నేర్పరియని పేరుగన్న పందొమ్మిదేండ్ల యువకుడు తన నమూనా హెలికాప్టరు రెక్క తగిలి మరణించెను. అరచేతి బొమ్మ అంతటి ప్రమాదకారి కాకున్నను కంటికి దూరముగా నుంచవలసినదే. చూచుటకు చేరిన చిన్నపిల్లలు నడుపువాని వెనుక నిలువవలయును.

చిన్న బ్యాటరీ నిండుగా నున్నప్పుడు 4.2 వోల్టులు చూపును. మూడు వోల్టులకు దిగజారనిచ్చినచో మరల కోలుకొనదు. ఐదారు నిమిషములలో యంత్రము నీరసించుట తెలియగనే దింపివేయవలయును. ఉబ్బిన బ్యాటరీని మరల ఛార్జి చేయరాదు. వెలిగించునప్పుడు మొదట ట్రాన్స్‌మిటరు, తరువాత హెలికాప్టరు. ఆర్పునప్పుడు మొదట హెలికాప్టరు, కడపట ట్రాన్స్‌మిటరు. ఈ వరుస తప్పినచో, ఆజ్ఞ లేని యంత్రము ఆ కొన్ని క్షణములలో ఏమి చేయునో చెప్పుట కష్టము.