ప్రయోగశాల మాంసమును గోడపటముపై చూపుట

ఉప్పాడలో వేట నిషేధపు రోజులలో ఒక సమావేశము జరిపితిమి. తూర్పు తీరమున ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవలు వేటకు పోరాదు గనుక మత్స్యకారులకు కొంత తీరిక యుండును. వారితో బాటు చుట్టుప్రక్కల వరి రైతులును, కొందరు జాందానీ నేతగాండ్రును వచ్చిరి. ప్రయోగశాలలో పెంచు మాంసమును గూర్చి చెప్పుటకై నేనొక గోడపటము తీసికొనిపోతిని. ఎడమ ప్రక్క పశువు, నడుమ గాజుపాత్ర, కుడి ప్రక్క పళ్ళెములో మాంసపు ముక్క. మూడు బొమ్మలు, రెండు బాణములు.

చేపలమ్ముకొను ఒకామె పటమును కొంతసేపు చూచి, "ఏవండీ బాబుగారూ, ఇందులో మా గంపెక్కడండీ?" అని అడిగినది. వెనుకనున్న రైతొకరు, "మా పొలమూ లేదు కదండీ" అనెను. నాకు సమాధానము తోచలేదు. పటము చుట్టి ఇంటికి తెచ్చి మరల వ్రాసితిని. ఆ రెండవ పటములో ఏమేమి చేర్చవలసి వచ్చినదో ఈ వ్యాసములో తెలుపుచున్నాను. గ్రామాధికారులు తమ గ్రామములలో ఇట్టి పటము తయారు చేసికొనవచ్చును.

మొదట అసలు పద్ధతి. బ్రతికియున్న పశువు, కోడి లేక చేప కండరమునుండి చిన్న ముక్క తీసి, అందు పెరుగు శక్తి గల కణములను వేరు చేయుదురు. వాటిని చక్కెర, అమైనో ఆమ్లములు, లవణములు, విటమినులు కలిసిన ద్రవములో, తగిన వెచ్చదనమున, శుభ్రమైన తొట్టెలలో పెంచుదురు. ఒక కణము రెండగును, రెండు నాలుగగును. దీనిని మాటలలో చెప్పిన ఎవరికిని పట్టదు. కనుక పటముపై వడ్లగింజలు అంటించితిని: ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. పది మారులు రెట్టింపైన 1,024 గింజలు. ముప్పది మారులైన నూరు కోట్లకు మించును. రైతులు ఈ లెక్కను వెంటనే గ్రహించిరి. అయితే మామూలు కణములు ఇట్లు ఎల్లకాలము రెట్టింపు కావు. కొన్ని మారుల తరువాత అలసి ఆగిపోవును. ఆ గీత కూడ పటముపై గీయవలెను.

బొమ్మల కొలతలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పవలెను. దాణా రెట్టింపని చూపుటకు బస్తా బొమ్మను రెట్టింపు ఎత్తు, రెట్టింపు వెడల్పు గీసితిని. కాగితముపై అది నాలుగింతల స్థలము తినెను. చూచినవారందరు నాలుగింతలనే అనుకొనిరి. వియన్నా నగరములో 1920లలో ఆటో నోయ్‌రాత్ అను పండితుడు దీనికి మంచి సూత్రము చెప్పెను: ఎక్కువ మొత్తమును పెద్ద బొమ్మతో గాక, ఒకే సైజు బొమ్మలను ఎక్కువగా పెట్టి చూపవలెను. రెండింతలకు రెండు బస్తాలు, అంతే.

ఈ సూత్రముతోనే ధరను చూపబోతిని. 2013 ఆగస్టులో లండనులో మార్క్ పోస్ట్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు ఆవు కణములనుండి పెంచిన మాంసపు బిళ్ళను వండించి తినిపించెను. ఖర్చు సుమారు 2,50,000 యూరోలు. వేయి యూరోలకు ఒక నాణెపు బొమ్మ చొప్పున 250 నాణెములు కావలెను. కాగితము చాలక ఆపివేసితిని! అది పరిశోధనకైన ఖర్చే గాని అంగడి ధర కాదని క్రింద వ్రాయనిచో, ఆ వరుస నిజమే చెప్పుచు మోసము చేయును.

అట్లే "చంపకుండ మాంసము" అని వ్రాసి ఊరకుండుటయు న్యాయము కాదు. ఆ తొలి బిళ్ళకు వాడిన పోషక ద్రవములో పుట్టని దూడల రక్తమునుండి తీసిన రసము కలదు. దానికి బదులు వేరొకటి వాడుటకు ఇప్పుడు గట్టి కృషి జరుగుచున్నది. రెండును పటములో నుండవలెను.

ఇక రైతు ప్రశ్న. తొట్టెలోని చక్కెర ఆకాశమునుండి ఊడిపడదు. చక్కెరలకు మొక్కజొన్న వంటి పంటలు, అమైనో ఆమ్లములకు సోయా వంటి పంటలు ఆధారము కాగలవు. కావున పొలమునుండి తొట్టెకు ఒక లావు బాణము, విద్యుత్ స్తంభమునుండి మరొక బాణము గీసితిని. తొట్టెను రేయింబవళ్ళు వెచ్చగా, శుభ్రముగా నుంచుటకు కరెంటు చాల పట్టును. ఆ కరెంటు బొగ్గునుండి వచ్చినచో పర్యావరణమునకు మేలను మాట తేలికగా అనరాదు.

మన దేశపు గడి చిన్నది గాని ఖాళీ కాదు. 2019లో హైదరాబాదులోని సి.సి.ఎం.బి.యు, జాతీయ మాంస పరిశోధన కేంద్రమును కేంద్ర ప్రభుత్వపు సహాయముతో ఈ పరిశోధన చేపట్టెను. 2024 జనవరిలో కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ చేప మాంసమును ఇట్లు పెంచుటకు ఒక ప్రైవేటు సంస్థతో ఒప్పందము చేసికొనెను. చందువా, వంజరము వంటి విలువగల చేపలే వారి తొలి గురి. ఉప్పాడ వారు ఈ వరుసను రెండుమారులు చదివించుకొనిరి.

విదేశములలో సింగపూరు 2020 డిసెంబరులో కోడి మాంసమునకు అనుమతి నిచ్చెను. అమెరికా 2023 జూనులో నిచ్చెను. ఇటలీ అదే ఏట నవంబరులో నిషేధించెను. నెదర్లాండ్సులో కొందరు చిత్రకారులు 2014లో ఇట్టి మాంసముతో 45 వంటకముల పుస్తకమే వేసిరి. అవి ఇంకను వండుటకు వీలు కానివి. జనులు ముందుగా ఆలోచించుటకై వేసినవి. అందులో నూలువలె అల్లిన మాంసము గలదనగా మన నేతగాండ్రు గట్టిగా నవ్విరి.

గంప సంగతి మిగిలినది. చేపలమ్ము స్త్రీకి ఈ పద్ధతిలో చోటెక్కడ? చుక్కల గీతతో ఒక గడి గీసి, అందు గంప బొమ్మ వేసి, బాణము మాత్రము వేయలేదు. రెండవమారు పటము చూపినప్పుడు ఆమె ఆ గడిపై వ్రేలుంచి, "దీనికి గీత ఎప్పుడేస్తారండీ?" అని అడిగినది. ఇంకను తెలియదని చెప్పితిని. పటము తయారు చేయువారు ఇట్టి గడులను పెన్సిలుతో గీసి, ప్రక్కన సంవత్సరము వేయవలెను. మిగిలినది సిరాతో వ్రాయవచ్చును.