జోడిపి మొహంతో మొదలుపెట్టు

ఆత్మకూరు

చి. సౌమ్యకు,

నువ్వు పాలిమర్ క్లే రంగులను దిమ్మెగా పేర్చి, సాగదీసి, అడ్డంగా కోసిన పాండా కేన్ ముక్కల ఫొటోలు చూశాను. రంగులు చక్కగా కలిపావు, పనిలో శుభ్రత ఉంది. కళ్లు సాగిపోయాయని, ముక్కముక్కకీ మొహం మారిపోయిందని దిగులుపడ్డావు. దానికి మందు ఉంది, చెబుతాను. ముందు అసలు మాట: ఆ పాండాను పక్కన పెట్టు. ఉదయగిరిలో కూర్చుని పాండా ఎందుకు పాపా? దాన్ని నువ్వు ఎన్నడూ కళ్లారా చూడలేదు. ఎవరో చేసినదాన్ని చూసి చేశావు గనక వాళ్లు ఎక్కడ సరిపెట్టుకున్నారో నువ్వూ అక్కడే సరిపెట్టుకున్నావు. దుర్గం కొండ వైపు మేతకు పోయే మందలో జోడిపి గొర్రె ఉంటుంది. దాన్ని చెయ్యి.

మన నెల్లూరు గొర్రెల్లో ఒళ్లంతా తెల్లగా ఉంటే పల్ల, గోధుమరంగైతే దొర. తెల్లటి ఒంటి మీద కళ్ల చుట్టూ, పెదాల దగ్గర, కింది దవడ మీద నల్లమచ్చలుంటే జోడిపి. దేశంలోని గొర్రెజాతుల్లో నెల్లూరు గొర్రే పొడగరి. కోల మొహం, వేలాడే పెద్ద చెవులు, ఉన్ని దాదాపు లేని ఒళ్లు. కేన్ పనికి ఇంతకన్నా అనువైన మొహం నాకు తోచదు. కేన్‌లో కుంచె గీతలు ఉండవు, ఒక రంగు దిమ్మె పక్కన ఇంకో రంగు దిమ్మె ఆనుకుని కూర్చోవడమే బొమ్మ. జోడిపి మొహం పుట్టుకతోనే అలా ఉంది.

ఒక పూట వెళ్లి కాపరిని అడిగి దగ్గరగా చూడు. గొర్రె కంటిపాప మనదిలా గుండ్రంగా ఉండదు, అడ్డంగా నలుపలకల చీలికలా ఉంటుంది. దాని చుట్టూ తేనెరంగు, ఆ తేనెరంగు చుట్టూ నల్లమచ్చ. ఈ మూడూ సరిగా వస్తే చూసినవాళ్లు ఇది గొర్రేనా అని ఇంకొకరిని అడగరు. పొట్టేలుకు మెలితిరిగిన కొమ్ములుంటాయి, అవి తరవాతి సంగతి. మొదటిసారికి కొమ్ముల్లేని ఆడగొర్రె చాలు.

ఈ విద్య పాలిమర్ క్లేతో పుట్టలేదు. రెండువేల ఏళ్ల కింద ఈజిప్టులో గాజుకడ్డీలను కట్టగా పేర్చి, వేడిచేసి సాగదీసి, అడ్డంగా పలకలు కోసేవారు. ఆ పలకల్లో మనుషుల మొహాలు ఉండేవి. వాళ్ల నేర్పు ఎక్కడుందంటే, చాలాసార్లు సగం మొహమే చేసేవారు. రెండు పలకలు కోసి, ఒకదాన్ని తిరగేసి పక్కన పెడితే నిండు మొహం. నువ్వూ అదే చెయ్యి. ఒక కన్ను, ఒక చెవి, సగం ముక్కు, సగం మూతి ఉన్న దిమ్మె కట్టు. కాస్త సాగదీసి నిలువు రెండింతలయ్యాక నడుమ కోసి, ఒక ముక్కను తలకిందులు చేసి, ముక్కు గీత దగ్గర రెండింటినీ అతికించు. రెండు కళ్లూ ఒకే ఎత్తున, ఒకే కొలతలో వస్తాయి. విడివిడిగా చేసిన కళ్లు ఎంత నేర్పరికైనా కవలలు కావు.

ఇక సాగిపోవడం సంగతి. నీ తెలుపు మెత్తగా, నలుపు గట్టిగా ఉండి ఉంటుంది. మెత్తనిది ముందు జారుతుంది, గట్టిది వెనకబడుతుంది, కన్ను వంకరపోతుంది. రంగులన్నీ ఒకే కంపెనీవి తీసుకుని, అన్నీ ఒకే మెత్తదనానికి వచ్చేదాకా పిసుకు. తెలుపు ముందు పిసుకు, తరవాతే నలుపు ముట్టుకో. చెవి కింద, దవడ పక్కన మిగిలే ఖాళీల్లో ఎర్రమట్టి రంగు క్లేను ఆ ఖాళీ ఆకారంలోనే కత్తిరించి కూర్చు. ఎక్కడ గాలి మిగిలితే అక్కడ బొమ్మ కూలుతుంది. తెలుపు ఎర్రనేలలో కలిసిపోకుండా మొహం చుట్టూ పల్చటి నల్లరేకు చుట్టు.

దిమ్మె పెద్దగా కట్టు. 8 సెంటీమీటర్ల అడ్డం, 3 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే, అడ్డం 2 సెంటీమీటర్లకు దించేసరికి పొడవు 16 రెట్లై 48 సెంటీమీటర్లవుతుంది. రెండు కొసలూ చెడతాయి, తీసేసినా బోలెడు మిగులుతుంది. సాగదీయడం కొసల నుంచి కాదు, నడుము నుంచి. రెండు అరచేతుల మధ్య నడుము నొక్కుతూ, తిప్పుతూ, పైకీ కిందకీ మెల్లగా జరుగు. తొందరపడితే లోపలి బొమ్మ కదలకుండా పైపొర ఒక్కటే జారుతుంది.

మన ఎండల్లో క్లే చేతిలోనే జారిపోతుంది, అందుకని తెల్లవారుజామున పనిచెయ్యి. సాగదీశాక రాత్రంతా వదిలెయ్యి, కోసే ముందు కాసేపు ఫ్రిజ్‌లో పెట్టు. పల్చటి బ్లేడుతో ఒక్కో ముక్క కోసినప్పుడల్లా కేన్‌ను పావు చుట్టు తిప్పు, లేకపోతే ఒకవైపే అణిగి మొహం చప్పిడిదవుతుంది. అరటి దూట ఎక్కడ కోసినా అవే వలయాలు కనిపించినట్టు, దిమ్మె సరిగా కుదిరితే ప్రతి ముక్కా అదే గొర్రె. దిమ్మెలో తప్పుంటే అది కూడా ప్రతి ముక్కలోనూ వస్తుంది. అందుకే మొదటి దిమ్మెను పిల్లలు ఆడుకునే చవక మైనపు మట్టితో కట్టి చూడమంటాను. తెప్పించుకున్న క్లే ఖరీదు నీకు తెలుసు.

కాల్చడంలో మాత్రం సొంత తెలివి వద్దు. ఫిమో రకం క్లేకు 110 డిగ్రీల దగ్గర అరగంట. ప్రీమో రకానికి 130 డిగ్రీలు. ప్యాకెట్ మీద ఏది రాస్తే అదే. ఓవెన్ డయల్ చూపే అంకెను నమ్మకు, లోపల విడిగా ఒక థర్మామీటర్ పెట్టుకో. ఈ క్లేలో ఉన్నది పీవీసీ. మాడితే వచ్చే పొగలో ఘాటైన ఆమ్లవాయువు ఉంటుంది, గొంతునూ కళ్లనూ మండిస్తుంది. కిటికీలు తీసి పెట్టు, మైక్రోవేవ్ జోలికి పోకు. క్లే ముట్టిన పీట, కర్ర, బ్లేడు మళ్లీ వంటింట్లోకి రాకూడదు.

ఉదయగిరి చెక్క గరిటెల పిడుల మీద ఈ ముక్కలు అతికించి అమ్మాలన్నావు. వద్దు తల్లీ. అన్నంలో తిరిగే వస్తువు మీద ఈ క్లే ఉండకూడదు. పైగా ఆ గరిటెలు చెక్కే ఆడవాళ్ల పని దానంతట అదే నిండుగా ఉంది, దాని మీద మన అలంకారం అక్కర్లేదు. కమ్మలు చెయ్యి, లాకెట్లు చెయ్యి, పెట్టె మూతల మీద పొదుగు. అమ్మేటప్పుడు పాలిమర్ క్లే అని చెప్పి అమ్ము, మట్టిబొమ్మ అని నమ్మించకు.

క్లే ముట్టుకోకముందు జోడిపి సగం మొహం గళ్ల కాగితం మీద 8 సెంటీమీటర్ల ఎత్తున గీసి, ఏ గడిలో ఏ రంగో రాసి నాకు పంపు. చూసి దిద్ది పంపుతాను. ఆ తరవాతే ప్యాకెట్ విప్పు.

మీ పెద్దమ్మ