చక్కెర ఎస్టర్లు: ఎంజైమ్ తెలిసిన కెమికల్ ఇంజినీరుకు పని ఎక్కడ?

బీటెక్ కెమికల్‌లో రియాక్షన్ ఇంజినీరింగ్ సిలబస్ చివర ఎంజైమ్‌ల పాఠం ఒకటి ఉంటుంది. మైకేలిస్–మెంటెన్ సమీకరణం రాబట్టడం నేర్చుకుని, పరీక్ష రాసి, చాలామంది దాన్ని అక్కడే వదిలేస్తారు. ఎంజైమ్‌లు బయోటెక్నాలజీ వాళ్ల వ్యవహారం అనుకోవడమే కారణం. ఆ అపోహ వల్ల మంచి రంగం ఒకటి చేజారుతోంది. అదే బయోకెటాలిసిస్: ఎంజైమ్‌లనే ఉత్ప్రేరకాలుగా పెట్టి రసాయనాలు తయారుచేయడం. అందులో చక్కెర ఎస్టర్ల తయారీని ఉదాహరణగా తీసుకుని ఇక్కడ కాస్త లోతుగా వివరిస్తున్నాను. ఈ ఒక్క ప్రాసెస్ చేతికొస్తే తక్కినవాటిని మీరే చదువుకోగలరు.

చక్కెర నీటిలో కలుస్తుంది, కొవ్వు ఆమ్లం నూనెలో కలుస్తుంది. ఈ రెండింటినీ ఎస్టర్ బంధంతో జతచేస్తే వచ్చే పదార్థం నీటినీ నూనెనూ విడిపోనివ్వదు. అంటే అదొక ఎమల్సిఫైయర్. ఆహార పదార్థాల లేబుళ్ల మీద ఐఎన్‌ఎస్ 473 అన్న సంఖ్యకు అర్థం సుక్రోజ్ కొవ్వు ఆమ్ల ఎస్టర్లనే. బేకరీ సరుకులు, క్రీములు, లోషన్లలో వాడతారు. జపాన్‌లో డబ్బాల్లో అమ్మే పాల కాఫీలో వేడిని తట్టుకుని మిగిలే బ్యాక్టీరియా బీజాలను అదుపులో పెట్టడానికీ ఇవే కలుపుతారు. ముడిసరుకులు రెండూ పంటల నుంచే వస్తాయి. ఈ ఎస్టర్లు మట్టిలోనూ నీటిలోనూ సులువుగా విచ్ఛిన్నమవుతాయి.

ఫ్యాక్టరీలో వీటిని తయారుచేసే పాత పద్ధతి పూర్తిగా రసాయనికం. సుక్రోజ్‌నూ, కొవ్వు ఆమ్లపు మిథైల్ ఎస్టర్‌నూ డైమిథైల్ సల్ఫాక్సైడ్ లాంటి ద్రావణిలో క్షార ఉత్ప్రేరకంతో కలిపి వేడిచేస్తారు. సుక్రోజ్ అణువులో ఎనిమిది హైడ్రాక్సిల్ గ్రూపులున్నాయి. కొవ్వు ఆమ్లం వాటిలో దేనికి అతుక్కుంటుందన్నది మన చేతిలో ఉండదు. మోనో, డై, ట్రై ఎస్టర్లన్నీ కలగలిసి వస్తాయి. వేడికి రంగు మారుతుంది. తిండిలో కలిపే పదార్థం కాబట్టి ద్రావణి ఆనవాళ్లను పూర్తిగా తొలగించాలి, అది ఖర్చుతో కూడిన పని. అయినా ఈ రోజుకీ వాణిజ్య స్థాయిలో సుక్రోజ్ ఎస్టర్లు ప్రధానంగా ఈ దారినే తయారవుతున్నాయి. ఎంజైమ్ పద్ధతి ఇంకా దీన్ని ఓడించలేదు. కారణాలు దాదాపు అన్నీ ఇంజినీరింగ్‌వే. అందుకే మీ అవసరం ఉందంటున్నాను.

1984లో అమెరికాలోని ఎంఐటీలో జాక్స్, క్లిబనోవ్ అనే పరిశోధకులు, దాదాపు నీరు లేని సేంద్రియ ద్రావణిలో 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా లైపేజ్ పనిచేస్తుందని చూపించారు. మన కడుపులో కొవ్వును నీటితో విడగొట్టే ఎంజైమ్ లైపేజ్. నీరు లేనిచోట అదే ఎంజైమ్ వెనక్కి నడుస్తుంది, విడగొట్టే బదులు కలుపుతుంది. రెండేళ్ల తర్వాత క్లిబనోవ్ బృందమే గ్లూకోజ్ లాంటి చక్కెరల్లో ఒకే స్థానాన్ని, అంటే ఆరో కార్బన్ మీది హైడ్రాక్సిల్‌ను, ఎంచుకుని ఎస్టర్ చేయించవచ్చని నిరూపించింది. ఇప్పుడు ఈ పనికి ఎక్కువగా వాడేది క్యాండిడా అంటార్కిటికా అనే ఈస్ట్ నుంచి వచ్చిన లైపేజ్–బి. దాన్ని రెసిన్ పూసలకు అతికించి అమ్ముతారు. 40 నుంచి 60 డిగ్రీల మధ్య హాయిగా పనిచేస్తుంది.

నీటితోనే అసలు పేచీ

కాగితం, పెన్ను తీసుకోండి. గ్లూకోజ్ అణుభారం 180, లారిక్ ఆమ్లానిది 200. రెండూ కలిస్తే 362 అణుభారం గల గ్లూకోజ్ లారేట్ వస్తుంది, 18 నీరు బయటపడుతుంది. అంటే కిలో ఎస్టర్‌కు సుమారు 50 గ్రాముల నీరు. ఆ నీరు రియాక్టర్‌లోనే ఉండిపోతే, లె షాటెలియర్ సూత్రం ప్రకారం చర్య ముందుకు కదలదు. ల్యాబ్‌లో అయితే మాలిక్యులర్ సీవ్ గుళికలు వేస్తారు. అవి తమ బరువులో సుమారు ఐదో వంతు నీటిని పీలుస్తాయి. కాబట్టి కిలో ఎస్టర్‌కు పావుకిలో గుళికలు కావాలి. టన్ను సరుకుకు పావు టన్ను! పైగా ప్రతిసారీ వాటిని 200 డిగ్రీలకు పైగా వేడిచేసి ఆరబెట్టాలి. ఈ లెక్క వేసుకోకుండా ల్యాబ్ పద్ధతినే ప్లాంటుకు సిఫార్సు చేసే ప్రాజెక్టు రిపోర్టులు కోకొల్లలు.

ప్లాంటులో అయితే వాక్యూమ్ పెట్టి నీటిని లాగేయాలి, లేదా ద్రావణితో పాటు ఆవిరి చేసి, ఆ ఆవిరిని ఆరబెట్టి, ద్రావణిని వెనక్కి పంపాలి. టెర్ట్–బ్యుటనాల్ వాడితే అది నీటితో అజియోట్రోప్ ఏర్పరుస్తుంది. అప్పుడు మామూలు డిస్టిలేషన్ చాలదు, పర్వాపొరేషన్ పొర గురించి ఆలోచించాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. నీటిని మరీ తోడేస్తే ఎంజైమ్ చుట్టూ ఉండాల్సిన పలుచని నీటి పొర కూడా పోయి, దాని అణువు బిగుసుకుపోయి పని మందగిస్తుంది. ఎంత నీరు ఉంచాలో నిర్ణయించడానికి వాటర్ యాక్టివిటీని కొలవాలి. మీరు థర్మోడైనమిక్స్‌లో చదివిన యాక్టివిటీయే అది. జీవశాస్త్రం నుంచి కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు.

రెండో ఇబ్బంది కరగడం. కొవ్వు ఆమ్లం కరిగే ద్రావణిలో చక్కెర కరగదు, ఇసుకలా అడుగున కూర్చుంటుంది. రెండూ కరిగే ద్రావణి ఎక్కువసార్లు ఎంజైమ్‌ను చంపేస్తుంది. అందుకే టెర్ట్–బ్యుటనాల్, 2–మిథైల్–2–బ్యుటనాల్ లాంటివాటిని మధ్యేమార్గంగా వాడతారు. కరగని చక్కెరను నేరుగా ప్యాక్డ్ బెడ్‌లోకి పంపితే బెడ్ పూడుకుపోతుంది. స్టర్డ్ ట్యాంకులో వేస్తే తెడ్డు దెబ్బకు ఎంజైమ్ పూసలు నలిగి పొడి అవుతాయి. వేరే పాత్రలో చక్కెరను కరిగించి, వడపోసి, ఆ ద్రావణాన్ని మాత్రమే బెడ్ గుండా తిప్పడం ఒక పరిష్కారం. మాస్ ట్రాన్స్‌ఫర్, ప్రెషర్ డ్రాప్, రీసైకిల్ లెక్కలు మూడూ ఇక్కడ ఒకేసారి అవసరమవుతాయి.

చదువులు, కొలువులు

ఉద్యోగ ప్రకటనల్లో ‘చక్కెర ఎస్టర్ ఇంజినీర్’ అని ఎప్పటికీ కనబడదు. బయోకెటాలిసిస్, ప్రాసెస్ డెవలప్‌మెంట్, ఓలియోకెమికల్స్, సర్ఫాక్టెంట్స్ అన్న మాటలతో వెతకండి. హైదరాబాద్ వాళ్లకు దగ్గరి దారి ఫార్మా. మధుమేహం మందు సిటాగ్లిప్టిన్‌ను ఎంజైమ్‌తో తయారుచేసే పద్ధతికి మెర్క్, కోడెక్సిస్ సంస్థలకు 2010లో అమెరికా ప్రభుత్వ గ్రీన్ కెమిస్ట్రీ అవార్డు వచ్చింది. పెనిసిలిన్–జి నుంచి 6–ఏపీఏ తీయడం దశాబ్దాలుగా ఎంజైమ్ పనే. రెసిన్ పూసల మీద ఎంజైమ్‌ను నిలపడం, ఎన్నిసార్లు తిరిగి వాడవచ్చో చూడడం, స్కేలప్ చేయడం: ఇక్కడా అదే నైపుణ్యం. దేశంలో ఎంజైమ్‌లు తయారుచేసే కంపెనీల్లో ఠాణే కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ ఎంజైమ్ టెక్నాలజీస్, ఫెర్మెంటా బయోటెక్ ఉన్నాయి. కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఆమోదించిన బయోఈ3 విధానంలో జీవాధారిత రసాయనాలకూ ఎంజైమ్‌లకూ ప్రత్యేక స్థానం ఇచ్చారు.

పీజీకి వెళ్లేవారు గేట్‌లో కెమికల్ లేదా బయోటెక్నాలజీ పేపర్ రాయాలి. రాష్ట్రస్థాయిలో పీజీఈసెట్ ఉంది. ముంబైలోని ఐసీటీలో నూనెలు, ఓలియోకెమికల్స్, సర్ఫాక్టెంట్లకు విడిగా ఒక విభాగమే ఉంది. ఈ రంగం మీద నిజంగా మనసుంటే నా మొదటి సిఫార్సు అదే. పీహెచ్‌డీకి తార్నాకలోని ఐఐసీటీ, మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐ చూడండి. ఎన్ఐటీ వరంగల్‌లో కెమికల్, బయోటెక్నాలజీ విభాగాలు రెండూ ఉన్నాయి కాబట్టి ఉమ్మడి ప్రాజెక్టుకు అవకాశం అడగవచ్చు. అనంతపురంలో జేఎన్‌టీయూ కింద నూనెల సాంకేతికత మీద పరిశోధనా సంస్థ ఉంది, రాయలసీమ విద్యార్థులు దాన్ని మరచిపోతుంటారు. డిప్లొమా చేసినవారు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వారికి అనలిటికల్ వైపు చోటుంది. ఎంజైమ్‌ల పరిణామాన్ని ల్యాబ్‌లో నడిపించి 2018లో నోబెల్ అందుకున్న ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ బర్క్‌లీలో పీహెచ్‌డీ చేసింది కెమికల్ ఇంజినీరింగ్‌లోనే.

చివరి ఏడాది ప్రాజెక్టుగా ఇది మామూలు కాలేజీ ల్యాబ్‌లో కూడా సాధ్యమే. అతికించిన లైపేజ్, గ్లూకోజ్, లారిక్ ఆమ్లం, టెర్ట్–బ్యుటనాల్, మాలిక్యులర్ సీవ్స్, షేకర్ ఉంటే చాలు. గంటగంటకూ శాంపిల్ తీసి, మిగిలిన ఆమ్లాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేషన్ చేస్తే మార్పిడి శాతం తెలుస్తుంది. ఉత్పత్తిని చూడడానికి టీఎల్‌సీ ప్లేటు సరిపోతుంది. హెచ్‌పీఎల్‌సీ దొరికితే ఒకటి గుర్తుంచుకోండి. చక్కెర ఎస్టర్లు యూవీ కాంతిని పెద్దగా పీల్చుకోవు, కాబట్టి రిఫ్రాక్టివ్ ఇండెక్స్ డిటెక్టర్ గానీ ఈఎల్‌ఎస్‌డీ గానీ అడగాలి. షేకర్ వేగం మార్చి మార్చి చూడండి. వేగం పెంచినకొద్దీ రేటు పెరుగుతుంటే మీరు కొలుస్తున్నది ఎంజైమ్ సత్తాను కాదు, మాస్ ట్రాన్స్‌ఫర్‌ను. ఆ పరీక్ష చేయకుండా మైకేలిస్–మెంటెన్ స్థిరాంకాలు రాస్తే ఇంటర్వ్యూ బోర్డు మొదట పట్టుకునేది దాన్నే. తర్వాత అవే పూసలను కడిగి మళ్లీ మళ్లీ వాడండి, ప్రతి విడతకూ దిగుబడి రాసుకోండి. కిలో ఎస్టర్ మీద ఎంజైమ్ ఖర్చు ఎంత పడుతుందో ఆ పట్టిక నుంచే లెక్క కట్టవచ్చు. రెజ్యూమేలో ప్రాజెక్టు పేరు కింద రాయాల్సింది ఆ అంకెనే.