క్వెరీ బిల్డర్ మనకెందుకు?



డేటాబేస్ అంటే మన హాస్టల్ అడ్మిషన్ రిజిస్టరు వంటిదే. దానిని ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్. 1974లో ఐబీఎం సంస్థలో చాంబర్లిన్, బాయిస్ దీనిని రూపొందించారు.

'నాయుడుపేట మండలం నుంచి పదో తరగతి చదివేవారెవరు?' అని ప్రోగ్రాంలో అడగాలనుకుందాం. చాలామంది యూజర్ టైపు చేసిన మాటను ఎస్‌క్యూఎల్ వాక్యంలో నేరుగా అతికిస్తారు. ఆ గడిలో ఎవరైనా మండలం పేరుకు బదులు కొటేషన్ గుర్తుతో ఎస్‌క్యూఎల్ ముక్క రాస్తే, డేటాబేస్ దానినీ ప్రశ్నలో భాగంగానే తీసుకుంటుంది. ఇదే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్. మన కులం, ఆదాయం, స్కాలర్‌షిప్ ఖాతా నంబర్లు ఉండేదీ ఇలాంటి పట్టికల్లోనే కదా!

అందుకే క్వెరీ బిల్డర్. జావాస్క్రిప్ట్‌లో కెనెక్స్ అటువంటి చిన్న లైబ్రరీ. యూజర్ ఇచ్చిన మండలాన్ని 'మ' అనుకుంటే, పద్ధతి ఇలా ఉంటుంది:

కెనెక్స్('విద్యార్థులు').వేర్('మండలం', మ).వేర్('తరగతి', 10)

రెండు 'వేర్'ల మధ్య 'ఆండ్'ను అదే చేరుస్తుంది. తరగతి అడగనప్పుడు రెండో 'వేర్'ను పిలవకపోతే సరి. విలువ ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం వంటి గుర్తు ఉంచి, విలువను విడిగా పంపుతుంది. కాబట్టి ఎవరేమి టైపు చేసినా అది ఉత్త మాటగానే మిగులుతుంది.

రెండు జాగ్రత్తలు. మన సొంత ఎస్‌క్యూఎల్ రాసుకునే 'రా' ఫంక్షన్‌లో మాటలు అతికిస్తే పాత ప్రమాదమే తిరిగి వస్తుంది. 'వేర్' లేకుండా 'డిలీట్' పిలిస్తే పట్టికలోని వరుసలన్నీ పోతాయి. కనుక ముందు ఎస్‌క్యూఎల్ నేర్చుకోండి. బిల్డర్ తయారుచేసిన వాక్యాన్ని 'టుఎస్‌క్యూఎల్'తో చూసి, అర్థమయ్యాకే నడపండి.

మా ఇంట్లో డిగ్రీ చదువు మాతోనే మొదలు. ఇంట్లో చెప్పేవారు లేకున్నా, కాగితం మీద పట్టిక గీసుకుని ఈ పాఠం మొదలుపెట్టవచ్చు. కంప్యూటరు దొరికిన రోజున నడిపి చూసుకోండి.